కొండకు పడిన గండి

(తెలుగు భాషా దినోత్సవం రోజున జమ్మలమడుగులో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడా సరిచేసి రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు కదా, తెలుగు మాట ఒకటి తీసుకుని దాని గురించి అరగంట మాట్లాడండి అని మీ మాస్టర్లు అడిగారు. ఏ మాటైనా సరే అన్నారు. నేను ఎక్కువ వెతుక్కోలేదు. ఇక్కడి నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే ఆ మాటను కంటితో చూడొచ్చు. గండి.

పోయిన చలికాలంలో మా బంధువులను వెంటబెట్టుకుని గండికోటకు పోయినాను. బండల అంచు దగ్గర హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం నిలబడి ఉంది. ఏడెనిమిదేళ్ల పాప వాళ్ల నాన్నను అడిగింది: "నాన్నా, కోట అంటే తెలుసు. గండి అంటే ఏంటి?" ఆయన ఫోటో తీసుకుంటూ, "అది ఊరి పేరమ్మా" అన్నాడు. తర్వాత చెయ్యి చాపి, "అదిగో, దాన్ని గ్రాండ్ కాన్యన్ ఆఫ్ ఇండియా అంటారు" అని చూపించాడు. ఆయన తప్పేమీ లేదు. ఏ వీడియో చూసినా, ఏ ప్రకటన చూసినా అదే పేరు. కానీ పాప అడిగిన ప్రశ్నకు జవాబు ఆమె కాళ్ల ముందే ఉంది. ఆ జవాబును చూస్తూ కూడా దాని పేరు ఆమెకు అందలేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఈరోజు నేను చెప్పేదంతా ఆ పాపకు చెప్పాల్సిన జవాబే అనుకోండి.

మాది చెరువు కింద ఊరు. నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు ఒక కార్తీక మాసంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రాత్రి వీధిలో కేకలు: "గండి పడె! గండి పడె!" మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, లాంతరు పట్టుకుని పరిగెత్తాడు. ఊరంతా పరిగెత్తింది. కంప కొట్టుకొచ్చి వేసినారు, ఇసుక బస్తాలు వేసినారు, ఏదీ నిలవలేదు. తెల్లారి మమ్మల్ని చూడనిచ్చారు. కట్టకు నడుమ పెద్ద సందు. చెరువు ఖాళీ. కింద మా వరి మడి ఇసుక మేట. నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆ సందుకు రెండు పక్కలా ఉన్న గోడలు. గడ్డపారతో చెక్కినట్టు నిటారుగా ఉన్నాయి. మిగతా కట్టంతా ఏటవాలు, మేము రోజూ ఎక్కి దిగే కట్ట. నీళ్లు పోయిన చోట మాత్రం గోడ.

"అబ్బా, ఇది ఎట్లా పడింది?" అని అడిగితే, "ఎండ్రకాయ బొక్కతో మొదలైంటాది రా" అన్నాడు. ముందు చిన్న చెమ్మ. తర్వాత దారమంత ధార. ఆ ధార మట్టిని మోసుకుపోతుంది, మట్టి పోయేకొద్దీ ధార లావవుతుంది, లావయ్యేకొద్దీ ఇంకా మట్టి పోతుంది. పక్కల మట్టి విరిగి పడేలోపే నీరు అడుగును కోసేస్తుంది. అందుకే గోడలు నిటారుగా మిగులుతాయి.

మూడు నాలుగేళ్ల తర్వాత అదే మా అబ్బ నన్ను గండికోటకు తీసుకుపోయినాడు. అప్పుడు రోడ్డు ఇట్లా లేదు, సగం దూరం నడక. అంచు దగ్గర నన్ను కూర్చోబెట్టి, భుజం గట్టిగా పట్టుకుని, "చూసినావా, మన చెరువు కట్టకు పడినట్టే కొండకు పడింది గండి" అన్నాడు. ఆయన బడికి పోయింది రెండో తరగతి వరకే. తర్వాత నేను భూగోళం చదువుకున్నాను, పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పాను. నిటారు గోడల లోయ ఎట్లా ఏర్పడుతుందో ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పినవాళ్లను నేను చూడలేదు.

పుస్తకం ఏం చెబుతుందో చూడండి. లోయలో రెండు పనులు జరుగుతాయి. నది అడుగును కిందికి కోస్తుంది. వానా ఎండా గాలీ కలిసి ఒడ్లను పక్కలకు విరగ్గొడతాయి. రెండూ సమానంగా జరిగితే వెడల్పాటి, వాలు ఒడ్ల లోయ వస్తుంది. కోత వేగంగా, విరుగుడు నెమ్మదిగా జరిగితే ఒడ్లు గోడల్లా నిలబడతాయి. రాయి గట్టిదైతే ఒడ్లు తొందరగా విరగవు. అంతే. చెరువు కట్ట విషయంలో ఒక్క రాత్రిలో జరిగింది, పెన్నా విషయంలో లక్షల ఏళ్లు పట్టింది. కానీ లెక్క ఒకటే: కింది కోతకూ పక్క విరుగుడుకూ మధ్య పందెం. ఒక తేడా ఉంది, అది దాచకూడదు. కొండ వెనుక నీళ్లు నిండి ఒకరోజు తెగి పారాయని కాదు. నది తన దారిని వదలకుండా కోసుకుంటూ వచ్చింది, చుట్టూ నేల మారుతూ వచ్చింది. ఊరివాళ్ల మాట ఒక పోలిక. పోలిక పూర్తిగా సరిపోకపోయినా గోడలెందుకు నిటారుగా ఉన్నాయో అది సరిగ్గా పట్టుకుంది.

గండికోట దగ్గర రాయి మామూలు రాయి కాదు. క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుక ఒత్తిడికీ వేడికీ గట్టిపడి రాయైంది. కడప రాళ్ల వరుసల్లో ఈ పొరకు భూగర్భ శాస్త్రంలో పేరే గండికోట క్వార్ట్‌జైట్. వంద కోట్ల ఏళ్ల పైబడిన రాయి అది. అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్లు, అందుకే ఎవరో పెద్ద పెద్ద దిమ్మెలు కోసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తుంది. దిమ్మె విరిగినప్పుడు పగులు వెంబడి నిలువుగా విరుగుతుంది, మిగిలిన గోడ మళ్లీ నిలువుగానే ఉంటుంది. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్నా, ఎర్రమల కొండల్లో ఇక్కడికి వచ్చేసరికి కొన్ని చోట్ల సుమారు 300 అడుగుల వెడల్పుకు ముడుచుకుంటుంది.

ఇక ఆ గ్రాండ్ కాన్యన్ మాట. అమెరికాలో కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు. వెడల్పు కొన్ని చోట్ల 29 కిలోమీటర్లు. లోతు ఒకటిన్నర కిలోమీటరు పైనే. దాని పక్కన పెట్టి కొలిస్తే మన గండికోట ఎంత? పోల్చినవాళ్లు ప్రేమతోనే పోల్చారు, కానీ ఆ పోలికలో మనది ఎప్పుడూ చిన్న నకలుగానే మిగిలిపోతుంది. రెండిటి తీరు కూడా వేరు. అక్కడ మెత్తని రాయి, గట్టి రాయి మార్చి మార్చి ఉండడంతో ఒడ్లు మెట్లు మెట్లుగా వెడల్పు అవుతూ పైకి పోతాయి. ఇక్కడ గట్టి రాయి, ఇరుకు సందు, నిలువు గోడ. అది కాన్యన్, ఇది గండి. మన పెద్దవాళ్లు ఏ అమెరికానూ చూడకుండానే దీనికి సరిగ్గా సరిపోయే మాట పెట్టారు. ఊరికి ఆ పేరే ఇచ్చారు. గండి దగ్గరి కోట గండికోట. ఉత్తరం దిక్కున శత్రువు ఎక్కి రాలేడు, పెన్నా కాపలా. పెమ్మసాని నాయకులు ఏలారు, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు, 1652లో వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికే వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. కోట చరిత్ర మీకు తెలుసు కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

మాట దగ్గరికి వద్దాం. గండి అంటే తెగి ఏర్పడిన సందు. పక్కనే కన్నడంలో కండి అంటే సందు, రంధ్రం. అన్నదమ్ముల మాటలు. మనకు కట్టకు పడినా గండే, కాలువకు పడినా గండే, కొండకు పడినా గండే. ఎక్కువైతే గండ్లు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు రాష్ట్రమంతా వారం రోజులు ఇదే మాట పలికింది: బుడమేరు గండ్లు పూడ్చారా, మూడో గండి ఎంతవరకు వచ్చింది అని. ఆదాయానికి గండి, ఓట్లకు గండి, ఈ వాడుక పేపర్లలో రోజూ చూస్తారు. కొంచెం కొంచెంగా మొదలై అంతా పోవడం అనే అర్థం అందులోకి చెరువు కట్ట నుంచే వచ్చింది. ఒక చిన్న జాగ్రత్త: గండం వేరు, గండి వేరు. ప్రాణగండం అన్నప్పుడు ఉన్న మాటను దీనితో కలపకండి.

మరి లోయ? ఇది నాకు చాలా ఇష్టమైన మాట, కానీ దీని మీద మనం బరువు ఎక్కువ వేశాం. లో అంటే లోపల. లోయ అంటే చుట్టూ ఎత్తు ఉండగా లోపలగా, లోతుగా ఉన్న చోటు. అరకు లోయ అంటాం. అక్కడ ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, రైలుంది. సింధు లోయ నాగరికత అంటాం. అదొక మహా మైదానం. అదే పేపరు తెరిస్తే "లోయలో పడ్డ బస్సు". ఇక్కడ లోయ అంటే రోడ్డు పక్కన నిలువు పాతాళం. జనం కాపురం ఉండే చోటుకూ, జారితే ప్రాణం పోయే చోటుకూ ఒకే మాట వాడుతున్నాం. చంబల్ లోయ అంటే ఇంకా వేరు, అక్కడ మెత్తని మట్టిని వాన నీళ్లు వేల పాయలుగా చీల్చి ఏర్పడిన మిట్టపల్లాలవి. పరీక్షలో పిల్లవాడు లోయ అని రాస్తే ఏ లోయో తెలియదు.

పాఠాల్లో ఈ ఇబ్బంది గమనించి కొందరు "అగాధ దరి" అని రాశారు. సంస్కృతంలో దరి అంటే గుహ, లోయ. సరైన మాటే. కానీ తెలుగు పిల్లవాడికి దరి అంటే ఒడ్డు, దగ్గర. దరి చేరాడు అంటే గట్టెక్కాడు. అగాధ దరి అని వినగానే వాడి మనసులో బొమ్మ ఏర్పడదు. నా తరగతిలో నేనే చూశాను, బట్టీ పట్టి రాసేవాళ్లు, గండికోటను మాత్రం దానికి ఉదాహరణగా ఎవరూ రాసేవాళ్లు కాదు. ఆ ఊరి పిల్లలే రాసేవాళ్లు కాదు! అప్పుడు నేను బోర్డు మీద అగాధ దరి అని రాసి, పక్కన గండి అని రాయడం మొదలుపెట్టాను.

ఒక్క గండే కాదు, మనకు కొండల నడుమ చోట్లకు చాలా మాటలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో పని. కొండ దాటే దారి ఉన్న చోటు కనుమ. తూర్పు కనుమలు, పశ్చిమ కనుమలు అని ఇప్పుడు కొండల వరుసలకే ఆ పేరు వచ్చేసింది, నిజానికి అది దారి పేరు. మన వైపు అదీ పోయి ఘాట్ వచ్చింది, రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ అంటాం. కొండ ఒడిలో చెట్లూ నీళ్లూ ఉన్న మూల కోన. తలకోన, పెంచలకోన, నిత్యపూజకోన. ఏ కోనకు పోయినా ఒక నీటి ధార, ఒక దేవుడు ఉంటాడు.

తెలంగాణ వైపు నల్లమలలో ఇంకో మాట ఉంది, దాని దగ్గర కొంచెం ఆగాలి. లొద్ది. కొండల నడుమ లోతైన ఇరుకు పల్లం. మన్ననూరు వైపు లొద్ది మల్లయ్య అనే దేవుడు ఉన్నాడు, లొద్దిలో వెలిసిన మల్లయ్య. అమ్రాబాద్ అడవిలో సలేశ్వరం అలాంటి చోటే. చైత్ర పౌర్ణమికి అక్కడ జాతర. చెంచులు పూజారులు. జనం కొండ అంచు వెంట, మనిషి వెనుక మనిషి, కిందికి దిగుతారు. దిగేటప్పుడు "వత్తున్నం వత్తున్నం లింగమయ్యా" అంటారు, తిరిగి ఎక్కేటప్పుడు "పోతున్నం పోతున్నం లింగమయ్యా" అంటారు. నేను ఒకసారి పోయినాను. ఆ పిలుపు ఒక గోడకు తగిలి ఎదుటి గోడకు పోయి మళ్లీ వస్తుంది, ఎవరు పిలిచారో ఎవరు పలికారో తెలియదు. లొద్ది అనే మాటను నేను అంతకుముందు చదివాను, అర్థం మాత్రం అక్కడే తెలిసింది. శ్రీశైలంలో పాతాళగంగ అన్నారు చూడండి, అదీ ఇలాంటిదే. కృష్ణ అంత లోతులో పారుతుంటే పైనుంచి మెట్లు దిగి దిగి పోయినవాళ్లు ఇది పాతాళమే అనుకున్నారు. ఆ ఇరుకు చూసే ఇంజనీర్లు అక్కడ ఆనకట్ట కట్టారు. కృష్ణ లాంటి నదికి 512 మీటర్ల పొడవు గోడతో సరిపోయిందంటే గండి చేసిన మేలే అది.

ఇక పాపికొండలు. ధవళేశ్వరం దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా పరుచుకునే గోదావరి, పాపికొండల్లో కొన్ని వందల మీటర్లకు ఒదిగిపోతుంది. ఆ పేరు పాపిడి నుంచి వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు, తలలో పాపిడి తీసినట్టు నది కొండలను రెండుగా తీసిందని. భాషా పండితులు ఏమంటారో గానీ, పడవ ముందు భాగంలో నిలబడి చూస్తే ఆ మాటను కాదనలేం. ఇంగ్లీషు వాళ్లు బైసన్ గార్జ్ అన్నారు, పుస్తకాల్లో అదే ఎక్కింది. కానీ ఆ దారిలో పడవ ఎక్కే చోట ఉన్న అమ్మవారి పేరు వినండి: గండి పోచమ్మ. గోదావరి కొండలను చీల్చుకుని బయటకు వచ్చే చోట గుడి. బైసన్ గార్జ్‌కు తెలుగేమిటి అని నన్ను చాలామంది అడిగారు. తెలుగు అక్కడే, అమ్మవారి పేరులోనే ఉంది.

మన జిల్లాలోనే ఇంకో గండి ఉంది, మీలో చాలామంది శ్రావణ శనివారాలకు పోయి ఉంటారు. వేంపల్లె దాటాక పాపఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోట వీరాంజనేయ స్వామి. ఆ క్షేత్రానికి వేరే పేరే లేదు, ఒట్టి గండి. రాముడు లంక నుంచి తిరిగి వస్తుంటే వాయుదేవుడు ఈ కొండకూ ఆ కొండకూ మధ్య బంగారు తోరణం కట్టాడని కథ. పుణ్యాత్ములకే కనిపిస్తుందట. కలెక్టరుగా ఈ సీమలో పనిచేసి తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రోకు కనిపించిందనీ, ఆ తర్వాత కొద్ది కాలానికే ఆయన పోయాడనీ చెబుతారు. మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయిన మాట చరిత్ర. తోరణం జనం నమ్మకం. నాకు ఆ కథలో నచ్చేది ఇది: తోరణం గుమ్మానికి కడతారు. రెండు కొండల మధ్య తోరణం కట్టించారంటే, మన వాళ్లు గండిని కొండ వాకిలిగా చూశారన్నమాట.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. కొండ గండి, కట్ట గండి అని ఒకే మాట రెండు చోట్ల వాడటం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఈ నేల మీద చెరువు కట్టడమంటే చాలాసార్లు కొండకు పడిన గండిని పూడ్చడమే. కంభం చెరువు చూడండి. గుండ్లకమ్మ రెండు కొండల మధ్య సందులోంచి పారుతుంటే, ఆ సందుకు అడ్డంగా కట్ట వేశారు, అంతే, సముద్రం లాంటి చెరువు తయారైంది. పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది, మన జిల్లాలోనే. బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి, మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు రాతిలో చెక్కించాడు. రెండేళ్ల పాటు రోజూ 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేశాయని కూడా అందులో ఉంది. 12 అంగాల్లో ఒకటి, కొండల నడుమ మరీ పొడవు కాని గట్టి రాతి కట్ట ఉండాలని. ఆరు దోషాల్లో మొదటిది, కట్ట నుంచి నీరు ఊరడం.

మా అబ్బ చెప్పిన ఎండ్రకాయ బొక్క ఇదే. ఆయన ఆ శాసనం గురించి విననే లేదు. ఆరు వందల ఏళ్ల కిందటి శాసనానికీ చెరువు కింద రైతుకూ ఒకే భయం. కొండలో నది తెరిచిన గండిని మనిషి కట్టతో మూస్తాడు. నీరు ఆ కట్టలో మళ్లీ గండి వెతుక్కుంటుంది. అందుకే తెలంగాణలో చెరువు కట్ట మీద కట్ట మైసమ్మను నిలుపుకున్నారు. దుండిగల్ దగ్గర గండి మైసమ్మ అని చౌరస్తా ఉంది, రోజూ వేల బండ్లు పోతుంటాయి. ఆ పేరులో కూడా గండి ఉంది చూడండి.

ఇప్పుడు గండికోట దగ్గర జలాశయం వచ్చింది. దాదాపు 27 టీఎంసీలు నిలిపే జలాశయం. కొండాపురం మండలంలో ఊళ్లు మునిగిపోయాయి, ఆ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఈ హాలులో కూడా ఉన్నారని నాకు తెలుసు. మీ ఊరి మాట ఎత్తితే మీకు బాధ అని తెలిసీ ఎత్తుతున్నాను. ఊరితో పాటు మీ వాగుల పేర్లు, గుట్టల పేర్లు, వాటి మధ్య సందుల పేర్లు కూడా నీళ్ల కిందికి పోయాయి. అవి ఏ మ్యాపులోనూ లేవు. మీ జేజికీ, మీ అవ్వకూ మాత్రమే తెలుసు.

ఒక అమ్మాయి చీటీ పంపింది: "సార్, అయితే పుస్తకంలో గండి అని రాస్తే మార్కులు ఇస్తారా?" ఇవ్వాలి. నేను పేపర్లు దిద్దినన్నాళ్లూ ఇచ్చాను. దిద్దేవాళ్లు ఈ హాలులో ఉన్నారు, వాళ్లనూ అడుగుతున్నాను. పిల్ల "గండి" అని రాసి, పక్కన గండికోట, పాపఘ్ని, పాపికొండలు అని ఉదాహరణలు రాస్తే, ఆ జవాబుకు పూర్తి మార్కులు పడాలి.

మీ అందరికీ ఒక పని చెబుతాను. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్లను అడగండి: మన ఊరి రెండు కొండల మధ్య సందును ఏమంటారు, వాగు ఇరుకయ్యే చోటును ఏమంటారు, చెరువుకు ఎప్పుడెప్పుడు గండి పడింది, ఎక్కడ పడింది. వాళ్లు ఎట్లా పలికితే అట్లాగే రాయండి, సరిదిద్దకండి. మునిగిన ఊళ్ల పిల్లలు ముందు మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను అడగండి. రాసిన కాగితాలు మీ తెలుగు మాస్టరుకు ఇవ్వండి. వచ్చే నెల నేను మళ్లీ వస్తాను, కూర్చుని అన్నీ చదువుదాం.